గుంతకీ మనిషికీ మధ్య కాస్త నూనె

పోయినసారి నేను ఇక్కడ మాట్లాడినప్పుడు రైలు బ్రేకుల కథ చెప్పాను. ఈసారి మోటారు సైకిళ్ళ గురించి అనగానే మా ఆవిడ, "ఇంకా ఆ మాట ఎత్తుతున్నారా?" అంది. ఆవిడ కోపానికి కారణం ఉంది. అది ముందు చెప్పేసి తర్వాత చరిత్రలోకి వెళ్తాను.

మా అబ్బాయికి పదహారేళ్ళప్పుడు మట్టి ట్రాకు మీద నడిపే బండి కావాలని పట్టుబట్టాడు. ఇక్కడి పిల్లలు ఏదో ఒకటి పట్టుబడతారు, మీ ఇళ్ళల్లోనూ చూసే ఉంటారు. రోడ్డు మీద కార్ల మధ్య నడిపే బండి కన్నా ఇదే నయం కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని, పాతది ఒకటి కొన్నాను. నేను మెకానికల్ ఇంజనీర్ని. బండి వాడు నడుపుతాడు, సస్పెన్షన్ సంగతి నేను చూసుకుంటానని ఒప్పందం. నెల తిరక్కుండా, "నాన్నా, వరసగా దిబ్బలొచ్చేచోట వెనక చక్రం ఎగిరి తంతోంది" అన్నాడు. నేను కంప్యూటరు ముందు కూర్చుని లెక్క కట్టాను. చక్రం ఒక దిబ్బ ఎక్కి దిగాక బండి ఊగకుండా నిలబడాలంటే నూనె ఎంత గట్టిగా అడ్డుకోవాలో తేలింది. షాకబ్జర్ అడుగున ఉండే మర తిప్పి, వెనక్కి వచ్చే వేగాన్ని బాగా తగ్గించేశాను. ఆ శనివారం వాడు నాలుగో దిబ్బ మీద హ్యాండిల్ మీదుగా ఎగిరి ముందుకి పడ్డాడు. మణికట్టు విరిగింది.

నా లెక్కలో కూడికల తప్పు లేదు. దిబ్బ ఒకటే ఉండడమే తప్పు. ఆ మాటకి తర్వాత వస్తాను.

వాడి చెయ్యి కట్టులో ఉన్న ఆ ఆరు వారాలూ ఈ చిన్న యంత్రం చరిత్ర అంతా చదివాను. చదువుతుంటే ఒక సంగతి పట్టుకుంది. మోటారు సైకిల్ని మార్చిన వాళ్ళల్లో చాలామంది కంపెనీల్లో కూర్చున్న పెద్ద ఇంజనీర్లు కారు. బయటివాళ్ళు. వాళ్ళల్లో ఒకాయనది అచ్చంగా నా పరిస్థితే, కొడుకు బండి కోసం కష్టపడిన తండ్రి. తేడా ఏమిటంటే ఆయన లెక్క కుదిరింది.

ముందు అసలు విషయం. ఉయ్యాల తొట్టిని ఒకసారి ఊపి వదిలేస్తే చాలాసేపు ఊగుతూనే ఉంటుంది కదా. స్ప్రింగు కూడా అంతే. గుంతలో పడ్డ దెబ్బని స్ప్రింగు దాచుకుంటుంది, వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. బండీ మనిషీ కలిసి 180 కిలోలు అనుకోండి, మీటరు ఎత్తు నుంచి నేల మీద వాలితే సుమారు 1,760 జౌళ్ళ శక్తి. స్ప్రింగు ఒక్కటే ఉంటే అదంతా మనల్ని మళ్ళీ పైకి విసురుతుంది. ఆ శక్తిని ఎక్కడో పారబోయాలి. పారబోసే పని నూనెది. చిన్న చిన్న రంధ్రాల గుండా నూనెని బలవంతాన తోస్తే అది వేడెక్కుతుంది, ఆ వేడి గాల్లో కలిసిపోతుంది. అదే డాంపింగ్. కంటికి కనిపించేది స్ప్రింగు గనక అందరూ దాన్నే మెచ్చుకుంటారు. లోపల నూనె పడే పాట్లు ఎవరికీ పట్టవు.

తొలినాటి బండ్లలో ఈ నూనె లేదు. వెనక చక్రం నేరుగా చట్రానికే బిగించి ఉండేది, సీటు కింద రెండు స్ప్రింగులు, అంతే. ముందువైపు స్ప్రింగులుండే ఫోర్కుకి ఊగకుండా రాపిడి బిళ్ళలు పెట్టేవారు. మర తిప్పి ఆ బిళ్ళల్ని బిగిస్తే గట్టి, వదిలిస్తే మెత్తన. రాపిడికి ఒక చెడ్డ గుణం ఉంది. చిన్న గతుకుకి అసలు కదలదు, పెద్ద దెబ్బకి చాలినంత అడ్డుపడదు. మనకి కావలసింది దానికి సరిగ్గా తిరకాసు. 1935లో బీఎండబ్ల్యూ వాళ్ళ ఆర్12, ఆర్17 బండ్లు నూనెతో పనిచేసే టెలిస్కోపిక్ ఫోర్కుతో బజారులోకి వచ్చాయి. ముందు చక్రం సంగతి అలా తేలింది. వెనక చక్రానికి మాత్రం ఇంకా పుష్కరం పైన పట్టింది.

ఇక్కడ మనకి తెలిసిన బండి ఒకటి వస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. 1948లో దాని నమూనా బండ్లని ఇంగ్లండులో గతుకుల దారి పోటీలకి తీసుకొచ్చినప్పుడు వెనక చక్రానికి ఊగే చెయ్యి, అంటే స్వింగ్ ఆర్మ్, దానికి నూనె షాకబ్జర్లు ఉన్నాయి. అప్పటి ఆరితేరిన పోటీదారులకి అది నచ్చలేదు. వెనక చక్రం గట్టిగా బిగించి ఉంటేనే నేలని పట్టుకుంటుందని వాళ్ళ నమ్మకం. అదే ఏడాది ఇటలీలోని శాన్‌రెమోలో జరిగిన ఆరురోజుల పోటీలో బుల్లెట్ల మీద వెళ్ళినవాళ్ళు బంగారు పతకాలు తెచ్చుకున్నాక ఆ నోళ్ళు కొంచెం మూతపడ్డాయి. 1949 నుంచి ఆ బండి అమ్మకానికొచ్చింది. 1956 నుంచి మన మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారవడం మొదలైంది. మన ఊళ్ళల్లో మునసబుగారింటి ముందు, సబిన్‌స్పెక్టరుగారి స్టేషను ముందు నిలబడి ఉండేది ఆ బండే.

మా నాన్నగారికీ ఒకటి ఉండేది. తెనాలి చుట్టుపక్కల కాలవ గట్ల మీద అమ్మ వెనక ఒక పక్కకి కూర్చుని, ఒళ్ళో నేనూ, చేతిలో సంచీ. ఒకసారి ముందు ఫోర్కు నూనె కారిపోతోందని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే, అతను లోపల పోయాల్సిన పల్చటి నూనెకి బదులు డబ్బాలో మిగిలిన చిక్కటి ఇంజినాయిలు పోసి, "ఇక కారదు సార్" అన్నాడు. నిజంగానే కారలేదు. కానీ ఆ తర్వాత చిన్న రాయి తగిలినా నాన్నగారి భుజాలు అదిరేవి. స్ప్రింగు పాడైందని స్ప్రింగులు మార్పించారు. లాభం లేకపోయింది. జబ్బు నూనెలో ఉంటే మందు స్ప్రింగుకి వేశారు. నలభై ఏళ్ళ తర్వాత నేను చేసింది కూడా దాదాపు అదే అని ఇప్పుడు తెలుస్తోంది.

చిక్కటి నూనె ఎందుకు చేటు? హోలీ పిచికారీ గుర్తు తెచ్చుకోండి. మెల్లగా నొక్కితే ధార సులువుగా వస్తుంది. గబుక్కున నొక్కితే పిచికారీయే ఎదురు తిరుగుతుంది. రంధ్రం గుండా పోయే నూనె రెండింతల వేగంతో పోవాలంటే ఇంచుమించు నాలుగింతల బలం కావాలి. అంచేత రంధ్రం ఒక్కటే ఉన్న షాకబ్జరు బ్రేకు వేసినప్పుడు మెత్తగా కుంగిపోతుంది, రాయి తగిలినప్పుడు ఇనపకడ్డీలా బిగుసుకుపోతుంది. చిక్కటి నూనె పోస్తే ఆ రెండో జబ్బు ఇంకా ముదురుతుంది. దీనికి తర్వాత దొరికిన విరుగుడు చాలా అందమైనది. పిస్టన్ రంధ్రాల మీద పల్చటి ఉక్కు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు, ఒక్కొక్కటీ మిల్లీమీటరులో పదో వంతో రెండు వంతులో మందం. దెబ్బ గట్టిగా తగిలితే ఆ బిళ్ళలు అంచుల దగ్గర వంగి నూనెకి దారి ఇస్తాయి. బలం నాలుగింతలు కాకుండా ఒక హద్దులో ఉంటుంది. ఈ రోజుకీ సస్పెన్షన్ ట్యూనింగ్ చేసేవాళ్ళ అసలు పని ఆ బిళ్ళల పేర్పు మార్చడమే. ఒక బిళ్ళ తీసి ఇంకోటి పెడితే బండి స్వభావం మారిపోతుంది.

మళ్ళీ చరిత్రకి. ఊగే చెయ్యిని రేసుల్లో నిలబెట్టినవాడు ఉత్తర ఐర్లండు బెల్‌ఫాస్ట్‌కి చెందిన రెక్స్ మెకాండ్‌లెస్. ఆయనా బయటివాడే. తన సొంత బండికి సిట్రోయెన్ కారు షాకబ్జర్లు తగిలించి ప్రయోగాలు చేశాడు. తర్వాత నార్టన్ వాళ్ళ కోసం ఆయనా తమ్ముడూ కట్టిన చట్రం 1950లో రేసులకి వచ్చింది. దాన్ని నడిపిన హెరాల్డ్ డేనియెల్ పక్షి ఈకల పరుపు మీద కూర్చున్నట్టుందని అన్నాడట, ఆ చట్రానికి 'ఫెదర్‌బెడ్' అన్న పేరే ఉండిపోయింది. అదే ఏడాది జెఫ్ డ్యూక్ దాని మీద ఐల్ ఆఫ్ మాన్‌లో సీనియర్ టీటీ గెలిచాడు.

అక్కడి నుంచి ఇరవై ఏళ్ళ పాటు పెద్ద మార్పేమీ లేదు. 1970 నాటికి మట్టి ట్రాకు బండి వెనక చక్రం పైకీ కిందకీ కదిలేది సుమారు నాలుగంగుళాలు. ఇంజన్లు మాత్రం ఏటేటా బలం పెరిగిపోతున్నాయి. ఆ బలం నేలకి చేరాలంటే చక్రం నేల మీద ఉండాలి కదా, అది గాల్లోనే ఎక్కువసేపు ఉండేది. రెండు పక్కలా రెండు సన్నటి షాకబ్జర్లు, వాటిలో నూనె కొంచెమే. పావుగంట పోటీ నడిచేసరికి నూనె మరిగి నురగ కట్టేది. నురగ రంధ్రం గుండా సులువుగా జారిపోతుంది, అడ్డుకోదు. అక్కడి నుంచి బండి గుర్రంలా తన్నేది. వెన్నుపూసలు, మూత్రపిండాలు దెబ్బతినకుండా పోటీదారులు నడుముకి వెడల్పాటి పట్టీలు కట్టుకుని నడిపేవారు.

బెల్జియంలో లూసియెన్ టిల్కెన్స్ అని ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే ఆయన ఉండేవాడు. కొడుకు మట్టి ట్రాకు బండి నడిపేవాడు, ఆ బాధ తండ్రి చూశాడు. రెండు చిన్న షాకబ్జర్లు తీసేసి, పెట్రోలు ట్యాంకు కింద వెన్నుగొట్టం పొడుగునా ఒకే ఒక పెద్ద షాకబ్జరు పడుకోబెట్టాడు. వెనక ఊగే చెయ్యిని త్రికోణంగా కట్టి దాని కొస షాకబ్జరుకి తగిలేలా చేశాడు. త్రికోణం ఊహ కొత్తది కాదు, ఇంగ్లండులో ఫిలిప్ విన్సెంట్ 1928 నుంచే తన బండ్లకి అలాంటిది పెట్టాడు. టిల్కెన్స్ దగ్గర కొత్తది లోపలి సరుకు. ఫ్రాన్సులో ద కార్బోన్ అనే ఆయన 1950లలో కార్ల కోసం రూపొందించిన తరహా షాకబ్జరు అది. నూనె వెనకాల తేలే పిస్టన్ ఒకటి, దాని అవతల ఒత్తిడితో నైట్రోజన్ వాయువు. ఆ ఒత్తిడి నూనెని ఎప్పుడూ నొక్కి ఉంచుతుంది, నురగ కట్టనివ్వదు. పెద్దది గనక నూనె ఎక్కువ, వేడెక్కడం తక్కువ, చక్రానికి కదిలే చోటూ ఎక్కువ.

దాన్ని ముందు సుజుకి వాళ్ళకి చూపించారు. అప్పట్లో సుజుకి మీద ప్రపంచాన్ని ఏలుతున్న రోజర్ డి కోస్టర్ కూడా బెల్జియం వాడే. కానీ సుజుకి దాన్ని తీసుకోలేదు. గెలుస్తున్నవాడు బండి ఎందుకు మారుస్తాడు చెప్పండి. తీసుకున్నది యమహా. స్వీడన్‌కి చెందిన హోకాన్ ఆండర్సన్ 1973లో ఆ బండి మీద 250 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మట్టి ట్రాకులో యమహాకి అది తొలి ప్రపంచ టైటిల్. 1975 నుంచి మామూలు మనుషులు కొనుక్కునే వైజడ్ బండ్లకి కూడా ఆ మోనోషాక్ వచ్చింది. మిగతా కంపెనీలన్నీ ఉరుకులు పరుగులు. ఆ దశాబ్దం పూర్తయ్యేసరికి వెనక చక్రం కదలిక నాలుగంగుళాల నుంచి పన్నెండు దాకా వెళ్ళింది. మూడింతలు! అంత తక్కువ కాలంలో ఆ బండి మారినట్టు ఇంకెప్పుడూ మారలేదని నా అభిప్రాయం, ఇంజన్లని ప్రేమించేవాళ్ళు నాతో పోట్లాడవచ్చు.

1978లో సోవియట్ వాడైన గెన్నాడి మొయిసెయెవ్ కేటీఎం మీద 250 సీసీ టైటిల్ గెలిచినప్పుడు దాని వెనక ఉన్న షాకబ్జరు స్వీడన్‌లో కెంట్ ఓలిన్ రెండేళ్ళ కిందట పెట్టుకున్న చిన్న కంపెనీది. ఆయన కూడా ముందు మట్టి ట్రాకు మీద నడిపినవాడే.

తర్వాత వచ్చింది లింకేజి. గడ్డపారతో బండరాయి లేపేటప్పుడు కింద పెట్టిన ఆనురాయిని కాస్త జరిపితే బలం మారిపోతుంది కదా. చక్రానికీ షాకబ్జరుకీ మధ్య చిన్న చిన్న కీళ్ళు పెడితే, చక్రం పైకి వచ్చేకొద్దీ ఆ ఆనుడు తనంతట తానే జరుగుతుంది. మొదట మెత్తగా, చివరికి గట్టిగా. పిల్లల కోసం లెక్క చెప్తాను, కాగితం తీసుకోండి. చక్రం 300 మిల్లీమీటర్లు కదిలితే షాకబ్జరు 130 కదిలిందనుకోండి, నిష్పత్తి సుమారు 2.3. స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకి 50 న్యూటన్లయితే చక్రం దగ్గర తెలిసేది 50ని 2.3తో భాగిస్తే వచ్చేది కాదు, 2.3 వర్గంతో భాగిస్తే వచ్చేది, అంటే తొమ్మిదిన్నర లోపు. ఎందుకంటే బలమూ తగ్గుతుంది, దూరమూ తగ్గుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. డాంపింగ్‌కీ అదే వర్గం. కాబట్టి ఆ నిష్పత్తి మొదట్లో 2.6 ఉండి చివరికి 2.1కి దిగితే, స్ప్రింగు అదే అయినా చక్రానికి సగానికి పైగా ఎక్కువ గట్టిగా తగులుతుంది. కీళ్ళు అర సెంటీమీటరు జరిపినా బండి వేరేదైపోతుంది. 1980 ప్రాంతంలో కావాసాకి యూనిట్రాక్, 1981లో హోండా ప్రోలింక్, సుజుకి ఫుల్ ఫ్లోటర్ అన్నీ ఈ జాతివే.

ఫుల్ ఫ్లోటర్ వెనక ఒక కోర్టు కథ ఉంది. డాన్ రిచర్డ్‌సన్ అనే అమెరికను ఇలా చివర్లో గట్టిపడే సస్పెన్షన్‌కి 1975లోనే పేటెంటు తీసుకున్నాడు. 1978లో సుజుకితో ఒప్పందం రాసుకుని తన పరిజ్ఞానం వాళ్ళకి చూపించాడు. చివరికి వాళ్ళు తనది వద్దని, తమదే అని ఫుల్ ఫ్లోటర్ తీసుకొచ్చారని ఆయన దావా వేశాడు. జ్యూరీ ఆయన వైపు నిలిచింది, 1989లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు కూడా పేటెంటు చెల్లుతుందనీ దాన్ని సుజుకి ఉల్లంఘించిందనీ చెప్పింది. టిల్కెన్స్‌ని వద్దన్న కంపెనీ కూడా ఇదే అని గుర్తుందిగా. పేటెంటు ఆఫీసుల్లో, లా ఫర్ముల్లో పనిచేసే మనవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఈ తీర్పు తీసి చదవండి, మంచి చదువు.

ఇక లెక్కల సంగతి, అంటే నా తప్పు సంగతి. బండి నడకని సమీకరణాల్లో పెట్టిన గొప్ప పత్రం 1971లో రాబిన్ షార్ప్ అనే బ్రిటిష్ ఇంజనీరు రాశాడు. బండి పక్కకి వాలిపోవడం, పాములా మెలికలు తిరగడం, హ్యాండిల్ గజగజ వణకడం, ఈ మూడింటినీ విడదీసి చూపించాడు. అంత గొప్ప పత్రంలో అసలు సస్పెన్షనే లేదు! చట్రం, ముందు భాగం, టైర్లు, అంతే. ఆయన అడిగిన ప్రశ్నలకి అవి చాలాయి. తర్వాతివాళ్ళు స్ప్రింగులూ డాంపర్లూ ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చారు. 1974లో డీన్ కార్నాప్, ఆయన సహచరులు ఇంకో ఊహ చేశారు. డాంపర్ ఒక కొస బండికి, ఇంకో కొస ఆకాశానికి కట్టి ఉంటే ఎలా ఉంటుంది? ఆకాశానికి కట్టలేం గనక, కవాటాన్ని క్షణక్షణం తెరుస్తూ మూస్తూ అలా కట్టినట్టు నటింపజేయవచ్చన్నారు. ఆ స్కైహుక్ అన్న పేరుతోనే 2013లో డుకాటీ మల్టీస్ట్రాడా రోడ్డు మీదకి వచ్చింది. ఊహకీ బండికీ మధ్య దాదాపు నలభై ఏళ్ళు.

నా లెక్కలో దిబ్బ ఒకటే అన్నాను. ఒక్క దిబ్బకి నేను పెట్టిన అమరిక బంగారం. చక్రం పైకి పోయి, మెల్లగా, ఊగకుండా, అర సెకనులో యథాస్థానానికి వచ్చేది. మా ట్రాకులో దిబ్బలు మూడు మీటర్లకొకటి. మావాడు గంటకి 36 కిలోమీటర్లతో, అంటే సెకనుకి పది మీటర్లతో పోతాడు. దిబ్బకీ దిబ్బకీ మధ్య ఉన్నది 0.3 సెకను. చక్రం కిందకి పూర్తిగా రాకముందే రెండోది తగిలేది. ఇంకా కొంచెం పైనే ఉండగా మూడోది. నాలుగో దిబ్బ దగ్గరికొచ్చేసరికి పన్నెండంగుళాల కదలికలో మిగిలింది ఏమీ లేదు, 1930 నాటి బండిలాగా వెనక చక్రం చట్రానికి బిగించినట్టే. అదీ వాణ్ణి విసిరింది. మొదట వాడు చెప్పిన తన్ను కూడా ఇదే జబ్బు, కాస్త తక్కువ మోతాదులో. నేనేమో స్ప్రింగు మరీ వేగంగా తిరిగొస్తోందనుకుని ఇంకా బిగించాను. వాడు, "వరసగా దిబ్బలొచ్చేచోట" అని స్పష్టంగానే చెప్పాడు. ఆ మాట నా సమీకరణంలోకి రాలేదు.

చెయ్యి బాగయ్యాక వాళ్ళమ్మని ఒప్పించడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. ఇప్పుడు పద్ధతి మారింది. వాడు బండి మీద కూర్చుంటే నేను టేపు పెట్టి వెనక ఎంత కుంగిందో కొలుస్తాను, పెద్ద బండ్లకి సుమారు వంద మిల్లీమీటర్లు, మొత్తం కదలికలో మూడో వంతు. మర ఒకసారికి రెండు టిక్కులే తిప్పుతాం. ఏం తిప్పామో పుస్తకంలో వాడే రాస్తాడు, తిప్పే ముందు నన్ను మూడు ప్రశ్నలడుగుతాడు. పోయిన నెల ఇండియా వెళ్ళినప్పుడు తెనాలిలో షెడ్డులో ఉన్న తాతగారి బుల్లెట్ చూసి, ముందు ఫోర్కు మీద రెండు చేతులూ పెట్టి నొక్కి వదిలాడు. అది పైకి రావడానికి చాలాసేపు పట్టింది. "నాన్నా, ఇందులో ఇంకా ఆ ఇంజినాయిలే ఉన్నట్టుంది" అన్నాడు. పాన పట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. కింద మర విప్పితే నల్లగా, తారులా వచ్చింది.

అద్దం అవతల నుంచి టైమైపోయిందని సైగ చేస్తున్నారు.